ఈదీ డబ్బు ఏమైంది?

రంజాన్ పండుగ సాయంత్రానికి మన పిల్లల జేబుల్లో ఎంత చేరుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మామూ ఇచ్చినది, ఖాలా ఇచ్చినది, దాదా చేతిలో పెట్టిన కొత్త నోటు. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఏడాది మొత్తంలో "ఇది నాది" అనిపించే డబ్బు దాదాపు ఇదొక్కటే. బక్రీదు నాటికి అది ఎటు పోయిందో వాడికీ తెలియదు, మనకూ తెలియదు. అందుకే సొసైటీ ఆదివారం తరగతిలో డబ్బు పాఠాన్ని ఈదీతోనే మొదలుపెట్టాం. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు వచ్చారు. ఉపకార వేతనం తీసుకునేవారూ, దాతల పిల్లలూ కలిసే కూర్చున్నారు.

మొదటి రోజు ఉపన్యాసం లేదు. పేరు రాయకుండా, డబ్బు గురించి గుర్తున్న మొదటి సంగతిని చీటీ మీద రాయమన్నాం. ఒక చీటీలో, కిరాణా కొట్టతను అందరి ముందూ ఖాతా పుస్తకం తెరిచి అడిగితే అమ్మీ నవ్వుతూ "రేపు" అన్నదని ఉంది. మరొక చీటీలో అబ్బా కారు కొన్న రోజు పంచిన మిఠాయి. మూడో చీటీ దగ్గర నేను ఆగిపోయాను. "చెక్కు ఇచ్చేటప్పుడు ఫోటో తీశారు. అది వాట్సాప్‌లో మా క్లాసు వాళ్ళు చూశారు. ఆ నెల పుస్తకాల డబ్బుతో మంచి షూస్ కొన్నాను" అని ఉంది.

ఫోటో తీసింది మనమే. షూస్ సంగతి మరోలా తెలిసి ఉంటే ఆ పిల్లవాణ్ణి పిలిచి దుబారా మీద బయాన్ చెప్పి పంపేవాళ్ళం. దుబారా అనేది ఎప్పుడూ పొగరు నుంచే పుట్టదు, సిగ్గు నుంచి కూడా పుడుతుంది. పిల్లల ఖర్చును తప్పుపట్టే ముందు, ఆ ఖర్చు ఏం దాచడానికో అడగడం పెద్దల పని. దానం చేసి దెప్పిపొడిస్తే, నొప్పిస్తే ఆ దానమే వృథా అవుతుందని సూరె బఖరా 264వ ఆయత్ హెచ్చరిస్తుంది. మనం నోటితో ఎవరినీ దెప్పలేదు, నిజమే. ఆ పని కెమెరా చేసింది.

రెండో పాఠం ఏడు రోజుల పుస్తకం. ప్రతి రూపాయీ రాయాలి. పక్క గడిలో, ఖర్చు పెట్టేటప్పుడు మనసెలా ఉందో ఒక్క మాటలో రాయాలి. ఆ గడే అసలు పాఠం. "కోపం", "పరీక్ష భయం", "వాళ్ళంతా కొన్నారు" అన్న మాటల పక్కనే పెద్ద అంకెలు కనిపించాయి. ఇంకో విషయం: చేతిలో వంద నోటు విరగ్గొట్టడానికి రెండుసార్లు ఆలోచించే పిల్లవాడు, అబ్బా ఫోన్‌తో స్కాన్ చేసేటప్పుడు ఒక్కసారి కూడా ఆలోచించడం లేదు. ఫోన్ ఆటలో పదీ ఇరవైగా పోయినదంతా వారం చివర కూడి చూసుకుని ఒకడు చాలాసేపు మాట్లాడలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం చేసి నిషేధించాయి. 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. చట్టం ఉంది కదా అని ఇంట్లో మాట్లాడటం మానకండి.

ఇక డబ్బు చేతికి ఇవ్వాలా వద్దా? అనాథల ఆస్తి అప్పగించే ముందు వారి వివేకాన్ని పరీక్షించమని సూరె నిసా 6వ ఆయత్ చెబుతుంది. కొంత సొమ్ము ఇచ్చి కొనుగోలు, అమ్మకం చేయించి చూడటమే ఆ పరీక్ష అని పండితులు వివరించారు. మనం మాత్రం పద్దెనిమిదేళ్ళు రూపాయి ముట్టనివ్వకుండా ఉంచి, ఆ తర్వాత ఒక్కసారిగా ఏటీఎం కార్డు ఇచ్చేస్తున్నాం. ఒక వారం కూరగాయల డబ్బు పిల్ల చేతిలో పెట్టండి. గురువారానికే అయిపోతే శుక్రవారం పప్పుతో సరిపెట్టుకోండి. పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా నడుపుకునే పొదుపు ఖాతాలు బ్యాంకుల్లో ఉన్నాయి. ఖాతా తెరిచాక పాస్‌బుక్కులో వడ్డీ వరుస కనిపించగానే ప్రశ్నలు మొదలవుతాయి. మా తరగతిలో ఆ రోజు మౌలానా సాబ్‌ను పిలవాల్సి వచ్చింది.

జకాత్ లెక్క నేర్పిన రోజే అన్నిటికంటే బాగా గుర్తుండిపోయింది. నిసాబ్ బంగారమైతే 87.48 గ్రాములు, వెండి అయితే 612.36 గ్రాములు. చాంద్రమాన సంవత్సరం గడిచాక నూటికి రెండున్నర. లక్షకు ఎంతవుతుందో ఊహించమంటే చాలామంది పదివేలన్నారు. 2,500 అని తేలగానే "ఇంతేనా!" అన్నారు. ఉపకార వేతనం తీసుకునే ఒక ఇంటర్ అమ్మాయి తనకొచ్చిన 5,000 ఎవరి రెండు లక్షల మీదదో లెక్కవేసి, "సార్, ఇచ్చే చేయే గొప్పదంటారు కదా, మా చేయి ఎప్పుడూ కిందేనా?" అని అడిగింది.

దాత సోదరులారా, ఆ ప్రశ్నకు మీరేం చెప్పేవారు? ఖుర్ఆన్ దాన్ని ధనికుల సొమ్ములో పేదల హక్కు అన్నదనీ, హక్కు తీసుకున్నవారు తలవంచుకోనక్కరలేదనీ నేను చెప్పాను. ఆమె తల ఊపింది గాని, నమ్మినట్టు అనిపించలేదు. తర్వాతి ఆదివారం పిల్లలే ఒక డబ్బా తెచ్చారు. చిన్న తరగతుల వారి నోట్సు జెరాక్సుల కోసం అందరూ ఎవరికి తోచినంత వేయాలని అనుకున్నారు. ఎవరెంత వేశారో తెలియకూడదని దానికి కాగితం చుట్టారు. ఆ అమ్మాయి కూడా వేసింది.

ఈ ఏడాది చెక్కులిచ్చే ఫోటోలు తీయలేదు. ఈ సంచికలో వాటి కోసం వెతక్కండి.

మీ ఇంట్లో పాఠం మొదలుపెట్టాలంటే, ముందు మీ చీటీ మీరు రాసి పిల్లలకు చదివి వినిపించండి. ఏడు రోజుల పుస్తకం కూడా వారితోపాటు రాయండి. నేనూ రాశాను. నాలుగో రోజు గడి ఖాళీగా వదిలేస్తే పిల్లలు పట్టుకున్నారు.