బూజు పట్టిన ద్రాక్ష – తియ్యటి వైన్

ద్రాక్షకు బూజు పట్టిందంటే రైతుకు నష్టమే. కానీ ఫ్రాన్స్‌లోని షాటో దికెమ్ ఎస్టేట్‌లో ఏటా శరదృతువులో ఆ బూజు కోసమే ఎదురుచూస్తారు.

బోర్డో నగరానికి ఆగ్నేయంగా సోటెర్న్ ప్రాంతంలో ఈ ఎస్టేట్ ఉంది. 1593లో ఇది సోవాజ్ కుటుంబం అధీనంలోకి వచ్చింది. 1785లో ఆ ఇంటి ఆడపడుచు పెళ్లితో లూర్-సాల్యూస్ వంశానికి చేరింది. 1855లో బోర్డో వైన్లకు శ్రేణులు నిర్ణయించినప్పుడు తీపి వైన్లలో అత్యున్నత శ్రేణి దీనికొక్కదానికే దక్కింది.

ఇక్కడ సిరోన్ అనే చిన్న నది చల్లని నీరు గరోన్ నదిలో కలుస్తుంది. దాంతో శరదృతువులో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. ఆ తేమలో బోట్రైటిస్ సినేరియా అనే శిలీంధ్రం పెరిగి, పండు తొక్కను గుల్ల చేస్తుంది. మధ్యాహ్నం ఎండకు పండులోని నీరు ఆవిరై, చక్కెర చిక్కబడుతుంది. ఎండ కాయక వానలు పట్టుకుంటే మాత్రం అదే శిలీంధ్రం పంటను కుళ్లబెడుతుంది.

బూజు అన్ని పండ్లకూ ఒకేసారి పట్టదు. అందుకే కూలీలు తోటంతా పలుమార్లు తిరిగి, తగినట్లు ముడుచుకున్న పండ్లనే కోస్తారు. వాటి రసాన్ని ఓక్ పీపాల్లో పులియబెడతారు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్ పని మందగిస్తుంది. అప్పటికి మిగిలిన చక్కెరే వైన్‌లోని తీపి. ఒక్కో ద్రాక్ష మొక్కకు దక్కేది సుమారు ఒక గ్లాసు వైన్ మాత్రమే!

వాతావరణం అనుకూలించక 1992, 2012 సంవత్సరాల్లో ఈ ఎస్టేట్ తన పేరున్న తీపి వైన్‌నే విడుదల చేయలేదు. శిలీంధ్రం ఒక్కటే. వరమో, తెగులో తేల్చేది ఆ కొద్ది వారాల ఎండా తేమే.