పన్నెండు గంటల్లోపు

సమస్య:
మేడమ్‌ గారూ, నాకిప్పుడు ఏడో నెల. మొన్న రక్తపరీక్షలో హెపటైటిస్‌-బి పాజిటివ్‌ అని వచ్చింది. నాకెప్పుడూ కామెర్లు రాలేదు, మనిషిని బాగానే ఉన్నాను. ఆ రోజు నుంచి మా అత్తయ్య నా కంచం, గ్లాసు వేరు చేసి పెరటి గూట్లో పెడుతోంది. బిడ్డకు పాలివ్వొద్దంటోంది. పసరు మందు తాగిస్తానంటోంది. మావారు ‘నీకిది ఎక్కడి నుంచి వచ్చింది?’ అని రెండుసార్లు అడిగారు. ఆ మాట గుచ్చుకుంటోంది. బిడ్డకు కూడా వస్తుందా?
- ఒక సోదరి

సలహా:
ముందు బిడ్డ సంగతి చూద్దామమ్మా. గ్లాసు ఎక్కడికీ పోదు.

ఈ వైరస్‌ తల్లి నుంచి బిడ్డకు ఎక్కువగా సోకేది కాన్పు సమయంలోనే. అందుకే పుట్టగానే ఒక తొడకు హెపటైటిస్‌-బి టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్‌ ఇంజెక్షన్‌ పడాలి. రెండూ 12 గంటల్లోపే. టీకా పిల్లలందరికీ వేసేదే. ఇమ్యునోగ్లోబులిన్‌ మాత్రం అన్ని ఆస్పత్రుల ఫ్రిజ్‌లోనూ ఉండదు, కొనాలంటే ఖరీదు. అర్ధరాత్రి కాన్పయితే ‘పొద్దున చూద్దాం’ అనే ప్రమాదం ఉంది. నొప్పులొచ్చేదాకా ఆగకుండా ఈ వారమే వెళ్లి, ఎక్కడ దొరుకుతుందో ఖాయం చేసుకోండి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్‌ కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. ఈ ఇంజెక్షన్‌ గురించీ అక్కడ అడగండి.

రక్తంలో వైరస్‌ ఎంతుందో కూడా చూపించుకోండి. 2 లక్షల యూనిట్లు దాటితే డాక్టర్లు ఏడో నెల నుంచే టెనోఫోవిర్‌ మాత్రలు ఇస్తారు. అంటే ఇదే సమయం. మొదలుపెడితే మీ అంతట మీరు ఆపొద్దు.

6, 10, 14 వారాల టీకాలు తప్పనివ్వకండి. కార్డు పుట్టింట్లో మరిచిపోయి అత్తవారింటికి వెళ్లే తల్లులు చాలామంది! తొమ్మిది నెలలు నిండాక బిడ్డకు రక్తపరీక్ష చేయిస్తే టీకా పట్టిందో లేదో తేలిపోతుంది.

పాలు నిక్షేపంగా ఇవ్వండి. కంచంలో, గ్లాసులో ఇది అంటుకోదు. బ్లేడు, టూత్‌బ్రష్‌ మాత్రం ఎవరివి వారికే ఉండాలి. పసరు జోలికి పోవద్దు, ఉన్న కాలేయాన్ని కాపాడుకోవాలి.

ఇక మీవారి ప్రశ్న. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా వైరస్‌ దానంతటదే పోతుంది. పుట్టినప్పుడు సోకితే తొంభై మందిలో ఉండిపోతుంది, ఏళ్లపాటు చప్పుడు చేయదు. మీకు మీ అమ్మగారి నుంచే వచ్చి ఉండొచ్చు. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్‌ ఈ టీకాను 1997లోనే తెచ్చినా, ప్రభుత్వ టీకాల్లో దేశమంతటా చేరింది 2011లో. మీరు పుట్టినప్పుడు ఎవరు వేస్తారు? అమ్మగారికీ, తోబుట్టువులకూ పరీక్ష చేయించండి. మీవారికీ చేయించాలి, నెగెటివ్‌ వస్తే టీకా మూడు డోసులు వేయించాలి. ఆయన మూడోసారి అడిగితే, ‘మీ పరీక్ష ఎప్పుడు?’ అని మీరడగండి.