డౌన్‌లోడ్ ఆగిపోతే ఏం చూడాలి?

మాది కోవిల్‌పట్టి. విరుదునగర్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు నాకు జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. కంప్యూటర్ చదివే పిల్లలకు పనికివస్తుంది.

2020 జనవరిలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు జావాలో చేస్తున్నాను. పొంగల్ సెలవులు అయ్యాక ల్యాబ్‌లో ఒక కొత్త లైబ్రరీ చేర్చి మావెన్ నడిపితే, తెరనిండా ఎర్రర్లు. సెలవులకు ముందు బాగా నడిచింది కదా, నేనే ఏదో చెడగొట్టానని రెండు రాత్రులు కోడ్ తిరగరాశాను. రివ్యూ దగ్గరపడింది. "ఈ చదువు నాకు రాదు నాయనా" అని ఇంట్లో అనేశాను. అగ్గిపెట్టెల పనికి పోయి నన్ను చదివించిన మా నాయన ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు.

మావెన్ పని ఏమిటో చెబుతాను. మన ఊరి కడలై మిఠాయికి వేరుశనగ, బెల్లం కావాలి. అలాగే ప్రోగ్రాముకు ఇతరులు రాసిన లైబ్రరీలు కావాలి. పామ్ ఫైలు సరుకుల చీటీ. మావెన్ సెంట్రల్ అనే రిపాజిటరీ అంగడి. తెచ్చిన సరుకును మావెన్ మన కంప్యూటర్‌లోనే ఎం2 అనే ఫోల్డరులో దాచుకుంటుంది. బెల్లం రాకపోతే మిఠాయి కాదు, అది చేసేవాడి తప్పు కాదు.

మా వీధిలోని ఒక అన్న అడిగాడు: "మొదటి ఎర్రర్ వరుస పూర్తిగా చదివినావా తమ్ముడూ?" చదవలేదు. అందులో 501, హెచ్‌టీటీపీఎస్ కావాలి అని ఉంది. 2020 జనవరి 15న, సరిగ్గా పొంగల్ నాడు, మావెన్ సెంట్రల్ పాత హెచ్‌టీటీపీ దారి మూసేసింది. ల్యాబ్‌లోని పాత మావెన్ ఆ దారినే పోతోంది. 3.2.3 నుంచి వచ్చిన మావెన్‌లు హెచ్‌టీటీపీఎస్‌లోనే పోతాయి. అన్న ల్యాప్‌టాప్‌లో కొత్త మావెన్ ఉంది. అదే ప్రాజెక్టు అందులో మారు మాట లేకుండా నడిచింది.

మీకు ఇలా జరిగితే ఈ వరుసలో చూడండి.

1. మొదటి ఎర్రర్ చదవండి. "కుడ్ నాట్ ఫైండ్" అంటే అడిగిన చోట ఆ సరుకు లేదు. పేరు, వెర్షన్ సరిచూడండి. "కుడ్ నాట్ ట్రాన్స్‌ఫర్" అంటే తెచ్చుకోవడంలోనే చిక్కు. కంపైలేషన్ ఎర్రర్ అయితేనే మీ కోడ్ వెతకండి.

2. పామ్ ఫైలులో, సెట్టింగ్స్ ఫైలులో పాత హెచ్‌టీటీపీ చిరునామాలు ఉన్నాయేమో చూడండి. 2021లో వచ్చిన 3.8.1 నుంచి మావెన్ కూడా వాటిని అడ్డుకుంటుంది.

3. బ్రౌజర్‌లో నెట్ వస్తున్నా మావెన్‌కు రాకపోతే, కాలేజీ ప్రాక్సీ వివరాలు మావెన్ సెట్టింగ్స్ ఫైలులో రాయాలేమో అడగండి.

4. ఒకసారి రాని సరుకును మావెన్ కొంతసేపు మళ్లీ అడగదు. ఆదేశం చివర అడ్డగీత, పెద్ద యూ అక్షరం చేర్చితే మళ్లీ అడుగుతుంది. సగం దిగి ఆగిన లైబ్రరీ అయితే, ఎం2లో దాని ఫోల్డరు ఒక్కటే తీసివేసి మళ్లీ నడపండి.

5. రివ్యూకు ముందురోజే, నెట్ ఉన్నచోట, డిపెండెన్సీ గో-ఆఫ్‌లైన్ ఆదేశం నడిపి సరుకంతా దించుకోండి. తరువాత నెట్ తీసివేసి ఒకసారి నడిపి చూడండి.

నా రివ్యూ అనుకున్న రోజుకే ముగిసింది. తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు "నాకు రాదు" అంటే కోప్పడకండి, ఎర్రర్‌లో ఏమని ఉందో పైకి చదవమనండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. పైకి చదివేటప్పుడు వాడికే అర్థమవుతుంది.