రేడియో గుర్తింపు చీటీలు: భద్రత, గోప్యత

తలుపు తట్టినవారెవరో తెలిసికొనక మనము గడియ తీయము. కాని మన జేబులోని కార్డు అట్లు కాదు. అడిగినవారెవరని విచారింపకయే అది తరచుగా తన సంఖ్యను చెప్పివేయును. దీనికి ఆధారమైన విధానమును రేడియో ఫ్రీక్వెన్సీ ఐడెంటిఫికేషన్, సంగ్రహముగా ఆర్.ఎఫ్.ఐ.డి. అందురు. హైదరాబాదు మెట్రో కార్డు, వాహనపు అద్దముపై అంటించు ఫాస్టాగ్ ఈ కోవలోనివే.

ఈ చీటీలో సూక్ష్మమైన చిప్పు, దానికి కలిపిన యాంటెన్నా ఉండును. చాలవానిలో బ్యాటరీ ఉండదు. రీడరు ప్రసరించు తరంగముల నుండియే శక్తిని గ్రహించి చిప్పు జవాబిచ్చును. 13.56 మెగాహెర్ట్జ్ కార్డులను కొద్ది సెంటీమీటర్ల దూరములో చదువవలెను. 865–867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేయు ఫాస్టాగ్‌ను కొన్ని మీటర్ల నుండియే చదువవచ్చును.

ఇందు రెండు ప్రమాదములు గలవు. మొదటిది నకలు, రెండవది జాడ.

నకలుకు మైఫేర్ క్లాసిక్ కార్డు చరిత్ర చక్కని ఉదాహరణము. లండన్ నగరపు ఆయిస్టర్ కార్డు మొదట దీనిపైననే ఆధారపడెను. దీని తాళపుచెవి 48 బిట్లు మాత్రమే. సంకేత పద్ధతిని తయారీదారులు గుట్టుగా ఉంచిరి. 2007 డిసెంబరులో కార్‌స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ అను పరిశోధకులు చిప్పు పొరలను సూక్ష్మదర్శినితో పరిశీలించి ఆ గుట్టులో చాల భాగము వెల్లడించిరి. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానికి నకలు తీయవచ్చునని నిరూపించిరి. ప్రచురణను ఆపవలెనని తయారీ సంస్థ కోరగా, అచటి న్యాయస్థానము ఆ జూలైలో నిరాకరించెను. తాళము నిర్మాణము లోకమునకు తెలిసినను, తాళపుచెవి ఒక్కటి దాగియున్న చాలునట్లు ఉండవలెనని 1883లోనే కెర్‌ఖోఫ్స్ చెప్పిన సూత్రము ఇట్లు రుజువైనది.

జాడ ఇంతకన్న సూక్ష్మమైనది. చీటీలో పేరు లేకపోవచ్చును. అయినను ఒకే సంఖ్య ప్రతి ఉదయము గ్రంథాలయమువద్ద, ప్రతి సాయంత్రము స్టేషనువద్ద కనబడినచో ఒకరి దినచర్య తెలిసిపోవును. అది ఒక్కచోట పేరుతో ముడిపడెనా, వెనుకటి సంచారమంతయు ఆ పేరున చేరును.

నివారణోపాయములు లేకపోలేదు. బహిరంగముగా పరీక్షింపబడిన ఏ.ఇ.ఎస్. వంటి సంకేత పద్ధతిని వాడవచ్చును. చదివిన ప్రతిసారి మారు సంఖ్యనిచ్చు చిప్పులు గలవు. సరకుల చీటీలలో, అమ్మకము పిదప వానిని శాశ్వతముగా మూగబుచ్చు ఆజ్ఞను ప్రపంచ ప్రమాణములోనే చేర్చిరి.

గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. కావున ఏ విద్యాసంస్థయైనను హాజరు కార్డులను ప్రవేశపెట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మేము భావించుచున్నాము. ఏమి నమోదగును? ఎవరు చూతురు? ఎన్నాళ్లకు చెరిపివేయుదురు? విద్యార్థి రాకపోకల లెక్క సంస్థ చేతిలోని అనామతు సొమ్ము వంటిది. దానిని భద్రపరచుట ధర్మము. పని తీరిన పిదప ఉంచుకొనుట ధర్మము కాదు. విద్యార్థులారా, కార్డు అందుకొన్ననాడే ఈ ప్రశ్నలు మీరును అడుగుడు.