పక్కకు ఒరిగిన పాత వీడియోలను సరిచేయుట ఎట్లు?

పది పదిహేనేండ్ల క్రిందట చిన్న కెమేరాలతోను, అప్పటి సెల్‌ఫోనులతోను తీసిన వీడియోలు నేడు పెక్కు ఇండ్లలో కలవు. పెండ్లిళ్లు, తిరునాళ్లు, గ్రామసభలు, చెరువుగట్టు పనులు, నేడు మన మధ్య లేని పెద్దల మాటలు వానిలో నిలిచియున్నవి. కాని వానిలో కొన్ని తెరమీద పక్కకు ఒరిగి కనిపించును. మెడ వంచి ఎంతసేపు చూడగలము? చూడ వీలులేని వీడియోను క్రమముగా మరచిపోవుదుము. పిమ్మట పాడైన మెమరీ కార్డుతోపాటు అదియు పోవును. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొని గ్రామస్థులకు చెప్పుట అవసరము.

ఇట్లగుటకు కారణమేమి? ఫోనును నిలువుగా పట్టుకొన్నను, లోపలి సెన్సారు చిత్రమును సాధారణముగా అడ్డముగనే గ్రహించును. "దీనిని 90 డిగ్రీలు త్రిప్పి చూపవలెను" అను గుర్తును ఫోను ఎంపీ4 ఫైలులో వ్రాసియుంచును. ప్లేయరు దానిని చదివి చిత్రమును నిలబెట్టును. పాత కెమేరాలు పెక్కు ఆ గుర్తును వ్రాయలేదు. ఏవీఐ రకపు ఫైలులో దానికి నియతమైన స్థానమే లేదు. కొన్ని పాత ప్లేయర్లు గుర్తు ఉన్నను లెక్కచేయవు.

సరిచేయుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, గుర్తును మాత్రమే మార్చుట. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, లాస్‌లెస్‌కట్ అను సాఫ్ట్‌వేరులు ఈ పని చేయును. చిత్రము నాణ్యత తగ్గదు; పని త్వరగా ముగియును. రెండవది, చిత్రములన్నిటిని త్రిప్పి వీడియోను మరల తయారుచేయుట. ఇది గుర్తును చదువని ప్లేయర్లలో కూడ నిటారుగా కనిపించును. కాని సమయము పట్టును, నాణ్యత కొంత తగ్గును. అందువలన దీనిని అసలు ఫైలునుండి ఒక్కసారి మాత్రమే చేయవలెను. ఫోనులోని గూగుల్ ఫొటోస్‌లో ఎడిట్, క్రాప్ నొక్కి, చిత్రము నిటారగువరకు త్రిప్పి, కాపీగా సేవ్ చేయవచ్చును.

వీఎల్‌సీ ప్లేయరులో త్రిప్పి చూచినంతమాత్రమున ఫైలు మారదని గుర్తుంచుకొనవలెను. అది చూపులోని మార్పే గాని, భద్రపరచిన మార్పు కాదు.

మనుష్యుల తలలు తెరకు ఎడమవైపున ఉన్నచో గడియారపు ముల్లు తిరుగు దిశలో 90 డిగ్రీలు త్రిప్పవలెను. కుడివైపున ఉన్నచో ఎదురు దిశలో త్రిప్పవలెను. తలక్రిందులైనచో 180 డిగ్రీలు.

పని ఈ క్రమమున జరుగవలెను:

1. ముందుగా అసలు ఫైలును వేరొక డిస్కులోనికి నకలు చేయవలెను.

2. నకలునే త్రిప్పి, క్రొత్త పేరుతో సేవ్ చేయవలెను.

3. క్రొత్త ఫైలుకు నేటి తేదీ పడవచ్చును. కనుక తీసిన సంవత్సరమును, సందర్భమును ఫైలు పేరులోనే వ్రాయవలెను.

4. ఫోనులోను, టీవీలోను మొదటినుండి చివరివరకు చూచి, శబ్దము సరిగా నున్నదో లేదో పరీక్షింపవలెను. టీవీలో రెండు ప్రక్కల నల్లని పట్టీలు కనిపించుట దోషము కాదు. నిలువు చిత్రమునకు అది సహజము.

వాట్సాప్‌లో వీడియోగా పంపినచో చిత్రము కుదించుకొనిపోవును. కావున కేబులు ద్వారా గాని, పెన్‌డ్రైవులో గాని నకలు చేసికొనుట మేలు.

పంచాయతీ పనుల వీడియోల విషయమున మరింత జాగ్రత్త కావలెను. చెరువు తెగిననాటి దృశ్యము గాని, గ్రామసభ చర్చ గాని రేపు వివాదము వచ్చినప్పుడు సాక్ష్యముగా అక్కరకు రావచ్చును. సరిచేసిన నకలును ప్రజలకు చూపుడు; అసలు ఫైలును మాత్రము ముట్టక భద్రపరచుడు. కంప్యూటరు నేర్చిన యువకులు మన గ్రామములలో కలరు. వారికి ఈ పని అప్పగించి, కార్యాలయములోని పాత వీడియోలతోనే ప్రారంభించినచో, ఇండ్లలోని వీడియోలను తీసికొనివచ్చుటకు గ్రామస్థులును తామే ముందుకు రాగలరు.