మెదడు ఆరోగ్యం – జాతీయ పరిశోధనలో దాని స్థానం

వార్ధక్యంలో మతిమరుపు సహజమేనని మన ఇళ్ళలో అనుకోవడం పరిపాటి. తాతగారు ఒకే ప్రశ్నను పదిమార్లు అడిగినా, నానీ నమాజు ముగించిన సంగతి మరచి మరల వజూకు లేచినా, “వయసు పైబడినది” అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాము. ఆ మతిమరుపులో కొంత వయసుది, కొంత వ్యాధిది. వ్యాధి వలన కలిగేదానిని వైద్యులు డిమెన్షియా అంటారు. 2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరువది ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ వ్యాధికి లోనైనారు. పురుషులకన్న స్త్రీలలో, పట్టణాలకన్న పల్లెలలో, చదువుకున్నవారికన్న చదువులేనివారిలో ఇది అధికమని తేలినది. మెదడు జబ్బులు ధనికుల జబ్బులనే అపోహను ఈ ఒక్క వాక్యం చాలవరకు తొలగిస్తుంది.

మెదడును గురించిన పరిశోధనకు ప్రభుత్వ ధనంలో ప్రథమ స్థానం ఈయవలెనని మేము కోరుతున్నాము. ఇది క్రొత్త కోరిక కాదు. 1990తో మొదలైన దశాబ్దాన్ని మెదడు దశాబ్దంగా పాటించవలెనని అమెరికా చట్టసభ 1989లోనే తీర్మానించినది. 2013లో ఆ దేశమూ, ఐరోపా దేశాలూ భారీ పథకాలను చేపట్టినవి. వారు చేస్తున్నారు గదా, వారి ఫలితాలను మనం వాడుకుంటే చాలదా అని ఎవరైనా అడుగవచ్చు. దీనికి మన హైదరాబాదే మంచి సమాధానం చెప్పినది.

రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా ఆలస్యంగా వస్తుందని 2007లో కెనడాలోని టొరంటో పరిశోధకులు ప్రకటించారు. కాని అక్కడి ద్విభాషీయులలో పెక్కుమంది ఇతర దేశాలనుండి వలస వచ్చినవారు. వారికి కలిగిన మేలు భాష వలన వచ్చినదా, వలస వెళ్ళగలిగినవారి ఆరోగ్యం వలన వచ్చినదా అనే సందేహం మిగిలిపోయినది. ఈ చిక్కు విప్పడానికి వలసతో పనిలేకుండా పుట్టిన ఊళ్ళోనే రెండు మూడు భాషలు నేర్చిన ప్రజలు కావలెను. అట్టివారికి మన నగరంలో కొదువ ఏమున్నది? ఇంట దక్కనీ, అంగడిలో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు. మరొక ఇంట తెలుగు, పనిచోట ఉర్దూ, సినిమాలో హిందీ.

నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలోని జ్ఞాపకశక్తి చికిత్సాలయానికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించారు. వారిలో 391 మంది ఒకటికన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారికి సగటున 61.1 ఏట వ్యాధి ఆరంభం కాగా, వీరికి 65.6 ఏట ఆరంభమైనది. అనగా నాలుగున్నర సంవత్సరాల తేడా. చదువు, వృత్తి, నివాసం మొదలైనవాటిని లెక్కలోనికి తీసుకున్నా ఈ తేడా నిలిచినది. అంతకన్న విశేషమేమనగా, అక్షరం ముక్క రానివారిలో సైతం రెండు భాషలు మాట్లాడేవారికి ఈ మేలు కనిపించినది. బడి ముఖం చూడని కూరలమ్మి గిరాకీదారును బట్టి భాష మార్చడం కూడ మెదడుకు ఒక సాధన అన్నమాట! మూడవ భాష, నాలుగవ భాష అదనంగా మేలు చేసినట్లు మాత్రం తేలలేదు. ఈ అధ్యయనం వ్యాధి మొదలైన వయస్సులను పోల్చినదే గాని, భాష వ్యాధిని ఆపుతుందని నిరూపించలేదు. ఆ సంగతి మనం మరువరాదు.

2016లో అదే బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించినది. జబ్బు తర్వాత మేధాశక్తి చెడకుండా నిలిచినవారు ద్విభాషీయులలో నూటికి 40.5 మంది, ఏకభాషీయులలో 19.6 మంది మాత్రమే.

ఈ ప్రశ్నను హైదరాబాదులో అడుగకపోతే, టొరంటోవారి సందేహం ఇంకెంతకాలం నిలిచియుండేదో! ఇట్టి పనులకు పెద్ద యంత్రాలకన్న, సంవత్సరాల తరబడి ఒకే రోగిని పలకరించే మనుష్యులూ, వారికి తప్పక అందే జీతాలూ ముఖ్యం. కోలారు జిల్లా శ్రీనివాసపురం ప్రాంతంలో పదివేలమంది గ్రామీణులను ఏండ్లకొలది అనుసరించి పరిశీలించే అధ్యయనం ఒకటి నడుస్తున్నది. అక్కడ తెలుగు మాట్లాడేవారు చాలమంది ఉన్నారు. దానిని నడిపే బెంగుళూరు మెదడు పరిశోధన కేంద్రం ఒక దాతృసంస్థ 2014లో ప్రకటించిన 225 కోట్ల రూపాయల విరాళంతో నిలద్రొక్కుకున్నది. దాతలకు నమస్కరిస్తాము. అయితే దేశానికి చెందిన పనికి దాత దొరికే వరకు ఎదురుచూడవలెనా? 2020–21లో మన దేశం సకల పరిశోధనలకూ కలిపి వెచ్చించినది జాతీయోత్పత్తిలో నూటికి 0.64 వంతు మాత్రమే. ఆ కొద్దిలో మెదడుకు దక్కేది మరీ కొద్ది.

క్షయ, మలేరియా, మంచినీటి కొరత ఉండగా మెదడు పరిశోధన విలాసం కాదా అనే ఆక్షేపణ కలదు. దానిని మేము తేలికగా త్రోసివేయము. కాని ఉప్పు కథను జ్ఞాపకం చేయక తప్పదు. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వి. రామలింగస్వామి 1956లో హిమాచల ప్రాంతంలోని కాంగ్రా లోయలో గళగండంపై పరిశోధన ఆరంభించారు. లోయను మూడు భాగాలుగా చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందించారు. అయోడిన్ అందినచోట కొద్ది సంవత్సరాలలోనే గళగండం బాగా తగ్గినది. 1962లో అది జాతీయ కార్యక్రమమైనది. తల్లికి అయోడిన్ చాలకపోతే గర్భంలోని శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. కావున మెడమీది వాపుకని ఇచ్చిన చిటికెడు ఉప్పు లక్షలాది బిడ్డల బుద్ధిని కూడ కాపాడినది. ఇంతకన్న చౌక వైద్యం మరొకటి కలదా?

ఇక మన కళాశాలకు దగ్గరైన సంగతి ఒకటి. డిమెన్షియా గుర్తించేందుకు విదేశాలలో తయారైన పరీక్షలు చదువు వచ్చినవారిని ఉద్దేశించినవి. వాక్యం వ్రాయుమంటే వ్రాయలేని ముసలమ్మను అవి రోగిగా జమకట్టే ప్రమాదమున్నది. ఈ లోపం తీర్చుటకు భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళ భాషలలో ఒక పరీక్షల సంపుటి తయారైనది. తెలుగు ఉన్నందుకు సంతోషం. ఆ తొలి అయిదింటిలో ఉర్దూ లేదు. ఉర్దూ పరీక్షకు అనువాదం ఒక్కటే చాలదు. చదివినవారినీ, చదువనివారినీ, ఆరోగ్యవంతులైన వృద్ధులను వందలకొద్ది కలిసి, వారికి ఏది సహజమో ముందు తెలుసుకోవలెను. చార్మినార్ పరిసరాల దక్కనీ ఒకటి, పాఠ్యపుస్తకాల ఉర్దూ ఒకటి. రెండూ తెలిసినవారు, తెలుగు కూడ తెలిసినవారు, మన తరగతి గదులలోనే కూర్చుని ఉన్నారు. వారికి రెండు మూడేండ్ల పరిశోధక వేతనం ఎవరిస్తారన్నదే ప్రశ్న.