రేపల్లె పాటలో అడిగిన ప్రశ్న

ఈ వారం వీడియోలో ‘సప్తపది’ సినిమాలోని రేపల్లె పాట గురించి కొంచెమే చెప్పగలిగాం. వీడియోలో పట్టనిది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. వీలైతే ముందు పాట ఒకసారి విని రండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.

మనవైపు ఈ పాట వినని ఇల్లు ఉండదేమో. తెనాలిలో కృష్ణాష్టమికి ఉట్టి కట్టే చోట మైకులో ఇదే, బాపట్లలో పిల్లల డాన్స్ ప్రోగ్రామ్‌లో ఇదే. చిన్నపాప నెమలి ఈక పెట్టుకుని దీనికి అభినయం చేస్తుంటే అందరం ఫోన్లు పైకెత్తి తీస్తాం. అంటే మనకిది కృష్ణుడి భజన. కానీ సినిమాలో ఇది ప్రేమ పాట. ఈ రెండిట్లో ఏది నిజం అని అడిగితే, రెండూ అని చెప్పి తప్పించుకోవచ్చు. నేనైతే పాటలో ఉన్న ఒక చిన్న మాట పట్టుకుని వెళ్తా.

ముందు ఊరి సంగతి. రేపల్లె అంటే మనకి రైల్లో తెనాలి దాటి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్తే చివర్లో వచ్చే స్టేషన్. పాటలోది ఆ ఊరు కాదు, నందుడి ఊరు. పాత తెలుగులో ‘వ్రేపల్లె’ అంటే గొల్లపల్లె. గోపికల్ని ‘వ్రేతలు’ అనేవాళ్లు. ఆ ‘వ్రే’ వాడుకలో ‘రే’ అయింది. అందుకే తెలుగువాళ్లకి గోకులం, వ్రజం అనే సంస్కృతం పేర్లకంటే రేపల్లె అన్న మాటే దగ్గరగా ఉంటుంది. యమున ఎక్కడో ఉత్తరాన ఉన్నా, కృష్ణుడు పక్క వీధి కుర్రాడే అనిపిస్తుంది.

ఇక్కడొక సరదా విషయం. దర్శకుడు కె. విశ్వనాథ్ గారు 1930లో పుట్టింది రేపల్లె దగ్గర పెదపులివర్రులో. పాట రాసిన వేటూరి సుందరరామమూర్తి గారు 1936లో పుట్టింది కృష్ణకి అవతలి ఒడ్డున పెదకళ్లేపల్లిలో. ఒకాయన ఈ గట్టు, ఒకాయన ఆ గట్టు. నదికి కూడా కృష్ణుడి పేరే. పాటలో రేపల్లె అని రాసినప్పుడు వాళ్లిద్దరికీ మన రేపల్లె గుర్తొచ్చిందా అంటే నేను చెప్పలేను గానీ, నాకు మాత్రం వినేటప్పుడు ఈ రెండు గట్లూ కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ చిన్న మాట. పల్లవి అంతా ఒక ప్రశ్న. నేను వింటున్న ఈ వేణువు, ఒకప్పుడు రేపల్లె గుండెని పొంగించిన ఆ వేణువేనా అని. అసలు కీలకం ‘ఇది’, ‘అది’ అనే రెండు మాటల్లో ఉంది. ‘అది’ భాగవతంలోది. ‘ఇది’ ఇప్పుడు, ఇక్కడ, ఎదురుగా ఒక మనిషి పెదాల మీద ఉన్నది. మా కోడ్‌లో రెండు విలువలు సమానమా కాదా అని చూడటానికి ఒక గుర్తు పెడతాం. పల్లవి చేస్తున్నది సరిగ్గా అదే పని. అవునంటే ఒక దారి, కాదంటే ఇంకో దారి.

మరి ఎదురుగా ఉన్న ఆ మనిషి ఎవరు? సినిమా చూడనివాళ్ల కోసం చెప్తున్నా. 1981లో వచ్చింది. సంగీతం కె.వి. మహదేవన్ గారు. యాజులు గారు నిష్ఠగా ఆచారం పాటించే బ్రాహ్మణ పెద్ద, ఆ పాత్ర జె.వి. సోమయాజులు గారిది. ఆయన మనవరాలు హేమ నర్తకి. వేణువు వాయించే హరిబాబుని ఇష్టపడుతుంది. హరిబాబు హరిజనుడు. పెద్దాయన ఆమెని తన మనవడు గౌరీనాథ్‌కే ఇచ్చి పెళ్లి చేస్తారు. గౌరీనాథ్ అర్చకుడు. భార్యలో అతనికి అమ్మవారే కనిపిస్తుంది, భార్యగా దగ్గరికి తీసుకోలేడు.

ఇప్పుడు మళ్లీ పల్లవి దగ్గరికి రండి. ఆ ప్రశ్నకి అవును అనాలంటే, హరిజన కుర్రాడి చేతిలో ఉన్నది కృష్ణుడి వేణువే అని ఒప్పుకోవాలి. ఊరికే ఒప్పుకుంటే సరిపోదు, ఆ తర్వాత ఇంట్లో ఏం చేస్తామన్నది కూడా ఉంటుంది. కృష్ణాష్టమి మైకులో వింటున్నప్పుడు మనం ‘అది’ మాత్రమే వింటాం, ‘ఇది’ని వదిలేస్తాం. అప్పుడు పాట చాలా సేఫ్ అయిపోతుంది.

చరణాల్లో నాకు మొదట అర్థం కానిది కాళియుడి ప్రస్తావన. ప్రేమ పాటలో పాము పడగల మీద తాండవం ఎందుకు? దశమ స్కంధం 16వ అధ్యాయం చదివితే ఒక దారి దొరికింది. కాళియుడి విషంతో ఆ మడుగు నీళ్లు ఎవరూ ముట్టుకోలేనివి అయిపోయాయి. పైన ఎగిరే పక్షులు కూడా పడిపోయేవి. కృష్ణుడు దూకింది ఆ నీళ్లలోకే. పాముని చంపలేదు, రమణక ద్వీపానికి పంపేశాడు. నీళ్లు మళ్లీ అందరివీ అయ్యాయి. ‘ముట్టుకోకూడదు’ అనే మాట చుట్టూ తిరిగే సినిమాలో ఆ మడుగు ఊరికే వచ్చిందని నేను అనుకోను. ఇది నా చదువు మాత్రమే, వేటూరి గారు ఇలా అన్నారని కాదు.

ఆ తాండవం వెంటనే, వేణువు ఊదింది గుండెల్లోకి అన్న భావం వస్తుంది. వెదురులో గాలి ఎంతసేపూ నిలవదు. గుండెలో నిలుస్తుంది.

ఇంకో చోట, మొదట పైకి అనగలిగే రాగంగా వినిపించి, తర్వాత అనలేని రాగంగా మారింది అంటారు. సంగీతం తెలిసినవాళ్లు దీన్ని నాదం గురించి చెప్తారు. నాకు హేమ కనిపిస్తుంది. ఇష్టం మొదలైనప్పుడు పాటగా పాడుకోగలిగింది. అది ఎవరి మీద ఇష్టమో ఇంట్లో చెప్పాల్సి వచ్చేసరికి మాట లేదు. బెంగుళూరులోనో గచ్చిబౌలిలోనో కూర్చుని, ఆదివారం అమ్మకి ఫోన్ చేసి ‘బానే ఉన్నాను’ అని మాత్రమే చెప్పి పెట్టేసేవాళ్లకి ఈ ముక్క వివరించక్కర్లేదు.

రాధ పేరు, ఆరాధన అనే మాట పక్కపక్కన పెట్టడం చాలామంది గమనించే ఉంటారు. అది ప్రాస కోసమే అనుకుంటే పొరపాటు. భాగవతంలో రాధ పేరు నేరుగా లేదు తెలుసా? 30వ అధ్యాయంలో కృష్ణుడు మాయమైతే గోపికలు అడుగుజాడలు వెతుక్కుంటూ వెళ్తారు. ఆయన అడుగుల పక్కన ఇంకొక అమ్మాయి అడుగులు కనిపిస్తాయి. ఈమె నిజంగా హరిని ఆరాధించింది, అందుకే మమ్మల్ని వదిలి ఈమెని తీసుకెళ్లాడు అనుకుంటారు. ఆ ‘ఆరాధించింది’ అన్న మాటలోనే రాధ పేరు దాగి ఉందని చైతన్య సంప్రదాయ వ్యాఖ్యాతలు చెప్పారు. అంటే ప్రేయసి పేరు పూజ అనే క్రియలోంచి పుట్టింది. వేటూరి గారు పాతికేళ్ల కుర్రాళ్లు కూడా పాడుకునే సినిమా పాటలో దీన్ని ఎంత తేలిగ్గా పెట్టేశారో చూడండి!

‘భక్తి ఛానెల్లో ప్రేమ పాటేంటి’ అనుకునేవాళ్లకి ఒక మాట. 29వ అధ్యాయంలో వేణువు విని గోపికలు పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి వెళ్తారు. భర్తలు, అన్నదమ్ములు ఆపినా ఆగరు. ఇది ధర్మమేనా అని పరీక్షిత్తు శుకుణ్ని అడగనే అడిగాడు. గ్రంథమే ఆ ఇబ్బందిని దాచలేదు. అయినా భక్తికి ఉదాహరణ ఎవరంటే నారదుడు తన భక్తి సూత్రాల్లో చూపించింది ఆ గోపికల్నే.

పాట మళ్లీ పల్లవికి వచ్చి ఆగిపోతుంది. జవాబు పాటలో లేదు. అది సినిమా చివర్లో వస్తుంది, అదీ హేమ నోట కాదు. చిన్నప్పటినుంచి వేదం, మడి తప్ప ఇంకోటి తెలియని యాజులు గారు, లోపల ఎంతో నలిగి, మనవరాల్ని హరిబాబుతో పంపించడానికి ఒప్పుకుంటారు.